ఆనవాలు

మన చేతికి అయిదు వేళ్ళు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు అనే పేర్లు ఆయా వేళ్ళ పరిమాణాన్ని బట్టియో, స్థానాన్ని బట్టియో, అవి చేసే పనిని బట్టియో ఏర్పడినవి. ఒక్క ఉంగరపు వేలికి మాత్రం దానిపై ధరించే వస్తువును బట్టి పేరు వచ్చింది. సంస్కృతంలో ఆ వేలిని 'అనామిక' అంటారు. అంటే పేరు లేనిది అని అర్థం. సంస్కృతం పేరు పెట్టక విడిచిపెట్టిన వేలికి తెలుగువాడు ఒక నగ పేరు తొడిగాడు. అంతటితో ఊరుకోక, మెలి తిరిగిన జుట్టును కూడా 'ఉంగరాల జుట్టు' అన్నాడు. ఈ చిన్న నగ మన మాటలో ఎంతగా కలిసిపోయిందో దీనినిబట్టి తెలుస్తుంది.

ఉంగరానికి సంస్కృతంలో అంగుళీయకం, ఊర్మిక, ముద్రిక మొదలైన పేర్లున్నాయి. వీటిలో 'ముద్రిక' అన్న పేరు గమనింపదగినది. సంతకాలు చేసే అలవాటు ప్రబలకముందు లక్కపై ఉంగరాన్ని అద్దితే అదే సంతకం. ఉంగరం ఎవరి వేలిదో ఆ మాట వారిది. అందువల్ల ఉంగరం మొదటినుంచీ కేవలం అలంకారం కాదు. మనిషికి బదులుగా నిలబడి సాక్ష్యం చెప్పే వస్తువు. కిష్కింధాకాండలో శ్రీరాముడు తన పేరు చెక్కిన ఉంగరాన్ని హనుమంతుని చేతికి ఇస్తాడు. అశోకవనంలో దానిని అందుకొన్నప్పుడు సీతకు భర్తయే ఎదుట నిలిచినట్లు అనిపించిందని వాల్మీకి వర్ణించాడు. హనుమంతుడు అంతకుముందే రామకథను వినిపించాడు. రాముని రూపురేఖలను వివరంగా చెప్పాడు. అయినా ఉంగరం చేతికి వచ్చిన తరువాతనే ఆమె మనసు పూర్తిగా నిమ్మళించింది. మాట మాయకావచ్చు, వేషం మాయకావచ్చు. ఆనవాలు మాత్రం అబద్ధమాడదని ఆమె నమ్మకం.

అన్ని ఆనవాళ్ళూ నిజమే చెబుతాయనుకోవడానికి వీలులేదు. విశాఖదత్తుని 'ముద్రారాక్షసం'లో రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుని చేత చిక్కుతుంది. దానితో ముద్రవేసిన దొంగ ఉత్తరమే రాక్షసుని కొంప ముంచుతుంది. ఉంగరం ఎంత నమ్మదగినదో, చేయి మారితే అంత ప్రమాదకరమైనది.

అయితే ఉంగరమనగానే మనకు మొదట స్ఫురించేది శకుంతల కథ. ఇక్కడ విద్యార్థులు తెలుసుకోవలసిన విశేషం ఒకటున్నది. మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో అసలు ఉంగరమే లేదు. నన్నయ ఆదిపర్వంలోనూ లేదు. దుష్యంతుడు శకుంతలను ఎరుగనని బొంకినప్పుడు అక్కడ ఆకాశవాణి సాక్ష్యం పలుకుతుంది. కాళిదాసు తన నాటకంలో ఆ సాక్ష్యాన్ని ఆకాశం నుంచి దించి ఒక ఉంగరంలో పెట్టాడు. నాటకానికి 'అభిజ్ఞాన శాకుంతలం' అని పేరు పెట్టాడు. అభిజ్ఞానమంటే ఆనవాలు. అశరీరవాణికి మరపు లేదు, అది నీట జారిపోదు. ఉంగరం అలా కాదు. శచీతీర్థంలో నమస్కరిస్తూండగా శకుంతల వేలినుంచి అది జారిపోయింది. దానితోపాటు ఆమె బ్రతుకూ జారిపోయింది. దుర్వాసుని శాపం వల్ల రాజు మరచిపోయాడని కథ చెబుతుంది. శాపం మాట ఎలా ఉన్నా, ప్రేమకు ఋజువుగా ఒక వస్తువు తప్ప వేరేమీ మిగలని స్త్రీ పరిస్థితి ఎంత దుర్బలమైనదో కాళిదాసు చూపించాడని నాకు తోస్తుంది.

ఆ ఉంగరం దొరికిన తీరు మరింత ఆసక్తికరం. ఆరవ అంకం మొదట్లో ఒక జాలరి రాజభటులకు చిక్కుతాడు. ఎర్రచేపను కోస్తే కడుపులో రాజముద్రిక కనబడిందని, దానిని అమ్మజూపుతుండగా తనను పట్టుకొన్నారని మొరపెట్టుకొంటాడు. భటులు నమ్మరు. వాని వృత్తిని ఎద్దేవా చేస్తారు, చంపుతామని బెదిరిస్తారు. రాజు ఉంగరాన్ని చూచి, దాని విలువకు సమానమైన ధనాన్ని జాలరికి బహుమతిగా పంపుతాడు. జాలరి అందులో సగం ఆ భటులకే ఇస్తాడు. జాలరికి అది ధనం, భటులకు దొంగసొత్తు, రాజుకు గుండెలో గుచ్చుకొన్న ముల్లు. బంగారం ఒక్కటే, తూకం ఒక్కటే. కాని ముగ్గురి చేతుల్లో అది మూడు వస్తువులయింది.

ఉంగరానికీ జాలరులకూ గల ఈ సంబంధం కాళిదాసు కల్పన మాత్రమే కాదు. మనకు ఎంతో దూరాన, ఐర్లండ్ దేశపు పడమటి తీరాన, ఒక జాలరిపల్లె పేరు ఒక ఉంగరం వల్లనే లోకమంతటా తెలిసింది. గాల్వే నగరపు ప్రాకారానికి వెలుపల, కారిబ్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ పల్లె పేరు క్లాడా. ఐరిష్ భాషలో ఆ మాటకు రాళ్ళతీరం అని అర్థం. గడ్డికప్పుల ఇండ్లు, వల్లకట్టు పడవలు, తమలో తాము ఎన్నుకొన్న ఒక పెద్ద - ఇదీ ఆ పల్లె. ఆ పెద్దను వారు 'రాజు' అనే పిలిచేవారు. అతని పడవకు తెల్లని తెరచాప గుర్తు. భీమునిపట్నం మొదలు ఇచ్ఛాపురం వరకు మన తీరం వెంబడి నడిచినవారికి, కులపెద్ద మాటకు కట్టుబడే మన బెస్తపల్లెలను చూచినవారికి, ఈ వర్ణన పరాయిదిగా అనిపించదు.

క్లాడా ఉంగరంపై రెండు చేతులు ఒక హృదయాన్ని పట్టుకొని ఉంటాయి. హృదయంపై ఒక కిరీటం ఉంటుంది. చేతులు స్నేహానికి, హృదయం ప్రేమకు, కిరీటం విధేయతకు గుర్తులని చెబుతారు. రెండు చేతులు కలిసిన ఉంగరాలు రోమనుల కాలంనుంచీ ఐరోపాలో ఉన్నవే. హృదయాన్నీ కిరీటాన్నీ చేర్చిన ఈ రూపంలో ఇప్పుడు లభిస్తున్న పాత ఉంగరాలు 1700 ప్రాంతానివి. వాటిలో కొన్నింటిపై గాల్వే స్వర్ణకారుడు రిచర్డ్ జాయిస్ పేరులోని తొలి అక్షరాలున్నాయి. ఈ జాయిస్‌ను గురించి ఒక కథ వాడుకలో ఉన్నది. అతడు సముద్రప్రయాణంలో ఓడదొంగలకు చిక్కి, ఉత్తరాఫ్రికాలో ఒక స్వర్ణకారునికి బానిసగా అమ్ముడుపోయాడట. అక్కడ పని నేర్చుకొని, విడుదలై స్వస్థలానికి తిరిగివచ్చి ఈ ఉంగరాన్ని తీర్చాడట. కథలో నిజమెంతో తేల్చడం కష్టం. ఎడబాటు, నిరీక్షణ, తిరిగిరాక అనే మూడూ ఆ ఉంగరం చుట్టూ అల్లుకొని ఉండడం మాత్రం కాకతాళీయం కాదు. సముద్రంపై బ్రతికేవారి ఉంగరం మరోలా ఎలా ఉంటుంది?

ఆ ఉంగరాన్ని ధరించే పద్ధతిలో కూడా అర్థముంది. కుడిచేతికి తొడిగి హృదయపు కొస వేలి చివరివైపు ఉంచితే ఆ మనిషి మనసు ఇంకా ఎవరికీ చిక్కలేదని గుర్తు. హృదయాన్ని తనవైపు తిప్పుకొంటే చిక్కిందని గుర్తు. ఎడమచేతికి మారితే నిశ్చితార్థమో, వివాహమో జరిగినట్లు. ఈ నియమాలు చోటును బట్టి కొంత మారుతుంటాయి. తల్లి తన ఉంగరాన్ని కూతురికి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

దిశను బట్టి ఉంగరానికి అర్థం మారడం మన ప్రాంతంలోనూ ఉన్నది. ఇటీవలి కాలంలో చాలామంది వేళ్ళకు తాబేలు ఉంగరాలు కనబడుతున్నాయి. తాబేలు తల ధరించినవారి వైపు ఉండాలని, అలా ఉంటేనే లక్ష్మి ఇంటికి నడిచివస్తుందని చెబుతారు. తల వెలుపలికి ఉంటే వచ్చిన ధనం పోతుందట. శ్రీకాకుళానికి సమీపంలోని శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకొంటున్నాడు. స్వామి పడమటి ముఖంగా ఉండడం, ఆలయానికి రెండు ధ్వజస్తంభాలుండడం ఆ క్షేత్రంలోని విశేషాలు. ఇంత ప్రసిద్ధమైన కూర్మక్షేత్రం పక్కనే పుట్టి పెరిగిన నేను నా చిన్నతనంలో ఈ ఉంగరాన్ని ఎవరి చేతికీ చూడలేదు. పాత ఆచారమని చెప్పుకొంటున్నవన్నీ పాతవి కానక్కరలేదు. అయితే ఒకటి. క్లాడా ఉంగరం ధరించినవాడు 'నా మనసు ఎటువైపు ఉన్నది' అని లోకానికి చెబుతున్నాడు. తాబేలు ఉంగరం ధరించినవాడు 'ధనం నావైపు రావాలి' అని దేవుని అడుగుతున్నాడు. రెండూ మానవ సహజమే. మొదటిదానిలో రెండవ మనిషికి చోటున్నది.

మన పెండ్లిళ్ళలో ఆ రెండవ మనిషికి చోటు తప్పక ఉంటుంది. పెండ్లి మాట ఖాయమయినప్పుడు కన్యకు తొడిగేది ప్రధానపుటుంగరం. పెండ్లి ముగిసిన తరువాత బిందెలో నీరు పోసి, ఉంగరం వేసి, వధూవరులచేత వెదికిస్తారు. శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలంలోని బుడితి గ్రామం ఇత్తడి, కంచు పాత్రలకు పేరు పొందింది. అటువంటి ఇత్తడి బిందె చుట్టూ ఇరువైపులవారూ మూగి, మా పిల్లకంటే మా పిల్లకని కేకలు వేస్తుంటారు. ఎవరికి దొరికితే కాపురంలో వారిది పైచేయి అని వేడుక. ఇంతవరకు ఒకరినొకరు సరిగా చూచుకోని ఇద్దరి వేళ్ళు నీటిలో మొదటిసారి ఒకదానికొకటి తగులుతాయి. ఉంగరం ఎవరికి దొరికిందన్నది ఆ తరువాత ఎవరికీ గుర్తుండదు.

మట్టెల విషయం వేరు. సన్నికల్లుపై వధువు పాదం ఉంచి, వరుడు ఆమె కాలివేలికి వెండి మట్టెలు తొడుగుతాడు. ఇవి కాలి ఉంగరాలు. చేతి ఉంగరం ఇష్టమున్నప్పుడు తీసిపెట్టుకోవచ్చు. మట్టెలకు ఆ స్వేచ్ఛ లేదు. భర్త మరణించినప్పుడు వాటిని పదిమంది ఎదుట తీయించే ఆచారం ఇటీవలిదాకా కఠినంగా సాగింది. ఈనాటికీ పూర్తిగా పోలేదు. ఒక వస్తువు ప్రేమకు గుర్తు కావడం వేరు, మనిషి స్థితిని ఊరందరికీ ప్రకటించే ముద్ర కావడం వేరు. భార్య ఉన్నదీ లేనిదీ తెలిపే ముద్ర ఏదీ పురుషుని పాదానికి లేదు. ఈ తేడాను చదువుకొన్న యువతీయువకులు గుర్తించవలసి ఉన్నది.

మళ్ళీ క్లాడాకు వద్దాం. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం ప్రారంభమయింది. కొన్ని సంవత్సరాలలో దాదాపు 10 లక్షలమంది మరణించారు. ఇంచుమించు అంతమంది ఓడలెక్కి దేశం విడిచారు. ఓడ ఖర్చులకు డబ్బు లేనివారు తమ ఉంగరాలను తాకట్టు పెట్టి వెళ్ళారు. తాకట్టు పెట్టినవారు తిరిగి రాలేదు. గాల్వే వర్తకులు ఎంతోకాలం ఎదురుచూచి, విడిపించేవారు లేక ఆ ఉంగరాలను మూసలో వేసి కరిగించారు. క్లాడా పల్లె కూడా మిగలలేదు. 1930లలో ఆ గడ్డియిండ్లను పడగొట్టి కొత్త ఇండ్లు కట్టారు. కొందరు తమతో తీసుకుపోయిన ఉంగరాలు మాత్రం అమెరికాలో తరతరాలుగా తల్లినుంచి కూతురికి అందుతూ, లేని పల్లెకు ఆనవాళ్ళుగా మిగిలాయి.

ఈ కథ మనకు కొత్త కాదు. 1866 నాటి క్షామం ఒరిస్సాతోపాటు గంజాం జిల్లానూ పీడించింది. శ్రీకాకుళం అప్పుడు ఆ జిల్లాలోనిదే. పందొమ్మిదవ శతాబ్ది చివరనుంచి ఈ తీరపు కూలీలు వేలసంఖ్యలో స్టీమర్లెక్కి రంగూన్ చేరారు. అక్కడి రేవులలో, ధాన్యపు మిల్లులలో పనిచేశారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు, ఓడ దొరకనివారు అడవులగుండా కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో ఎందరో మరణించారు. ఈనాటి వలసలు వేరు దిక్కులకు సాగుతున్నాయి. గుజరాత్ తీరంలో వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగివచ్చారు. ఆ పద్నాలుగు నెలలు ఇక్కడి పల్లెల్లోని స్త్రీలు ఎలా గడిపారో వేరే చెప్పనక్కరలేదు.

రంగూన్ నుంచి నడిచి వచ్చినవారిలో మా తాత ఒకడు. ఆయన వెంట తెచ్చుకొన్నది ఒక్కటే. అక్కడి కూలి డబ్బుతో చేయించిన సన్నని బంగారు ఉంగరం. దారిలో ఎవరి కంటా పడకుండా మొలతాడుకు ముడివేసుకొన్నాడట. ఇల్లు చేరిన రాత్రి, స్నానమైనా చేయకముందే, దానిని మా నాయనమ్మ వేలికి తొడిగాడట. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ ఉంగరాన్ని కొంచెం తిప్పి చెప్పేది.

నా డిగ్రీ చదువుకు డబ్బు అవసరమైన ఏడాది వానలు లేవు. వంశధార ఇసుక మేటలు వేసి ఉంది. నాయనమ్మే ఉంగరం తీసి నాన్న చేతిలో పెట్టింది. సబ్బు రాసి తీయవలసి వచ్చింది. పట్నంలోని ఒక వడ్డీ వర్తకుడు గీటురాయిపై గీసి, తరుగు తీసి, బరువు కట్టి, రసీదు రాసి ఇచ్చాడు. నాన్న డబ్బు కూడబెట్టుకొని వెళ్ళేసరికి గడువు దాటి రెండు నెలలయింది. ఉంగరం అప్పటికే కరిగిపోయింది. వర్తకుడు చెడ్డవాడు కాడు. నాన్న ముఖం చూచి, అంతే బరువు బంగారం ఇస్తానన్నాడు. లోకన్యాయం ప్రకారం అది సమంజసమైన మాటే. నాన్న ఒక్క క్షణం తటపటాయించి, వద్దని చెప్పి, కట్టవలసిన డబ్బుతో తిరిగివచ్చాడు. ఇంట్లో ఆ డబ్బును నాయనమ్మ ముందు పెట్టాడు. ఆమె లెక్కపెట్టలేదు.

ఉద్యోగం వచ్చిన మొదటి సంవత్సరం నేను ఆమెకు ఒక ఉంగరం చేయించాను. పాతదానికంటె బరువైనది, ఎర్రరాయి కూడా పొదిగించాను. ఆమె సంతోషంగానే తొడిగించుకొన్నది. వేలుపై పాత ఉంగరం చేసిన నొక్కు ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంది. కొత్తది ఆ నొక్కులో కూర్చోలేదు, కొంచెం పైన నిలిచింది. ఆమె చేతిని దూరంగా పెట్టి చూచుకొని, "బాగానే ఉందిరా బాబూ. గానీ ఇది మీ తాత తొడిగిందేటి?" అన్నది. నాకు కోపం వచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. నెల జీతంలో సగం దానికే పోయింది. కొన్నాళ్ళకు ఆమె ఆ ఉంగరాన్ని మా చెల్లెలికి ఇచ్చివేసింది. ఆ పిల్ల ఈనాటికీ దానిని తీయదు. ఎవరైనా అడిగితే 'మా నాయనమ్మది' అంటుంది. నేను చేయించానన్న మాట దానికి గుర్తే లేదు.

నాయనమ్మ పోయిన తరువాత అస్థికలను శ్రీకూర్మం తీసుకువెళ్ళాము. పితృకార్యాలకు ఆ క్షేత్రాన్ని కాశితో సమానంగా భావిస్తారు. శ్వేతపుష్కరిణి గట్టున పురోహితుడు మూడు దర్భలు మెలిపెట్టి, ముడివేసి, నాన్న కుడిచేతి ఉంగరపు వేలికి తొడిగాడు. దానిని పవిత్రం అంటారు. అది కూడా ఉంగరమే. నిత్యకర్మలు చేసేవారు దానిని బంగారంతో చేయించుకోవడం కద్దు. గడ్డితో చేసినదే అసలైనది. అది వేలికి లేనిదే కొడుకు పెట్టిన పిండం తల్లికి చేరదని శాస్త్రం. దానికి వెల లేదు. ఏ వర్తకుడూ దానిని తాకట్టు పట్టుకోడు. కార్యం ముగిసేవరకే దాని ఆయుస్సు.

తర్పణం పూర్తయింది. పురోహితుడు పవిత్రం ముడి విప్పి విడిచిపెట్టమన్నాడు. తడికి గడ్డి బిగుసుకొని ముడి వెంటనే రాలేదు. నాన్న ఎడమచేతి గోటితో నెమ్మదిగా విప్పుతున్నాడు. పక్కన మరొక కుటుంబంవారు పిండాలు కలుపుకొంటూ తమ వంతుకోసం ఎదురుచూస్తున్నారు. నేను సహాయం చేయబోతే నాన్న చేయి వెనక్కు తీసుకొన్నాడు.